వెబ్‌పుటల తలకట్టు

మన తెలుగక్షరములలో కకారము, గకారము, తకారము మొదలైన పెక్కింటికి నెత్తిపై చిన్న గీత యొకటి యుండును. దానిని తలకట్టందుము. పలకమీద నక్షరములు దిద్దిన ప్రతివారును దాని నెఱుగుదురు. నేటి నా ప్రసంగమునకు విషయమైన తలకట్టు వేఱొకటి. బ్యాంకువారి సైటునుగాని రైలు టిక్కెట్ల సైటునుగాని మీరు ఫోనులో తెఱచినప్పుడు పైభాగమున సంస్థ పేరు, దాని చిహ్నము, ఏ విషయమునకు ఎటు పోవలెనో చూపు పట్టిక, వెదకుకొనుటకు ఒక గడి, ఒక మూలను మీ పేరు కనబడును. లోపలి పుటలలో ఎన్నింటికి తిరిగినను ఆ పైభాగము మాత్రము మాఱక మీ వెంట వచ్చుచుండును. ఈ వృత్తిలోనివారు దానిని హెడరందురు. తెలుగులో మాటలాడుకొనునప్పుడును ఆ మాటనే వాడుదురు. నాకు మాత్రము తలకట్టు అను మాట ఇందులకు చక్కగా అమరునని తోచినది గావున ఈ ప్రసంగమున దానినే వాడెదను.

పుటలు నూఱున్నవి. తలకట్టు ఒక్కటే. దానిని నూఱు ఫైళ్లలో నూఱుసార్లు వ్రాయవలెనా? ఒక్కచోట వ్రాసి నూఱింటికిని పంచవచ్చునా? పంచవచ్చునన్నచో ఏ రీతిని? వెబ్ అప్లికేషన్లు కట్టు పనిలో క్రొత్తగా చేరినవారు మొదటి వారముననే అడుగు ప్రశ్న యిది. పైకి మిక్కిలి చిన్నది. కాని దీనికి దొరకిన సమాధానములను వరుసగా చూచినచో గత ముప్పది సంవత్సరములలో వెబ్ నిర్మాణమున వచ్చిన పెద్ద మార్పులు దాదాపుగా అన్నియు అందు కనబడును.

నకలు తీసికొన్న నేమి, కంప్యూటరునకు అది క్షణములో పని గదా యని కొందఱందురు. నకలు తీయుట క్షణమే. తీసిన నకళ్లను దిద్దుట అట్టిది కాదు. నేనెఱిగిన యొక కార్యాలయమువారి సైటులో పింఛనులకు సంబంధించిన పుటలు ముప్పది యుండెను. ప్రతిపుట పైభాగమునను విచారణలకై టెలిఫోను నంబరు వ్రాసియుండెను. కార్యాలయము వేఱొక భవనమునకు పోయినప్పుడు నంబరు మాఱినది. దిద్దినవారు తమకు కనబడిన పుటలన్నిటిని శ్రద్ధగానే దిద్దిరి. వితంతువుల దరఖాస్తు పుట యొకటి వారి కంటబడలేదు. మా వీథిలోని యొక వృద్ధురాలు ఆ పుటలోని నంబరునకు రెండు వారములు ఫోను చేయుచునే యుండెను. అవతల మ్రోగుచుండును, పలుకువారు లేరు. నంబరే తప్పేమో యని ఆమెకు తోచలేదు, ఏలయన ఆమె దానిని ఆ కార్యాలయపు పుటనుండియే వ్రాసికొన్నది. దిద్దినవారిది అలసత్వమని నేననను. ఒకే మాట ముప్పదిచోట్ల వ్రాసియున్నప్పుడు ఎవరో యొకరు ఏదో యొకనాడు ఇరువదితొమ్మిది చోట్ల మాత్రమే దిద్దుదురు. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అను నిద్దఱు తమ 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' అను గ్రంథమున దీనినే సూత్రముగా నిలిపిరి. ఒక విషయమునకు ప్రోగ్రాములో ప్రమాణమైన చోటు ఒక్కటే యుండవలెనని దాని తాత్పర్యము.

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టినది గాదు. సీసపు అక్షరములతో పుస్తకములు కూర్చిన కాలమున ప్రతిపుట నెత్తిపైనను గ్రంథనామముండెడిది. కంపోజిటరు దానిని ప్రతిపుటకును క్రొత్తగా కూర్చెడివాడు గాడు. ఒక ఫారము అచ్చువేయుట ముగిసిన పిదప పుటలోని విషయమును విప్పి అక్షరములను వాని గళ్లలో వేసి, పైపంక్తిని మాత్రము కట్టు విప్పక తరువాతి ఫారమునకు వాడుకొనెడివాడు. మార్చవలసినది పుటసంఖ్య యొక్కటే. అందువలననే ఆ పైపంక్తిలో ఒక యక్షరము విఱిగినచో అదే విఱుగు గ్రంథములో ఎన్నో పుటలయందు మరల మరల కనబడును. ఐరోపాలోని పాత గ్రంథములను పరిశోధించు పండితులు అట్టి విఱుగులనుబట్టి ఏ ఫారము తరువాత ఏది అచ్చైనదో తేల్చియున్నారు. ఉమ్మడిగా వాడుకొనుటలోని లాభమును, దాని వెంటనే వచ్చు ప్రమాదమును ఈ యొక్క ఉదాహరణములోనే యున్నవి.

ఇక వెబ్ సంగతి. 1989లో జెనీవా యొద్దనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్‌లీ దీనిని ప్రతిపాదించెను. 1991లో అది బయటి లోకమునకు తెలిసినది. పుటలను వ్రాయుటకు ఆయన యేర్పఱచిన భాషకు హెచ్‌టీఎమ్‌ఎల్ అని పేరు. పరిశోధకులు తమ పత్రములను ఒకరికొకరు చూపుకొనుటకై అది పుట్టినది. పత్రము తనంత తాను పూర్ణమైన వస్తువు, దానినుండి మఱియొక పత్రమునకు దారి యుండును, అంతే. కాలక్రమమున చిత్రములను బయటినుండి తెచ్చుటకు ఆ భాషలో గుర్తు వచ్చినది. రంగులు, కొలతలు మొదలైన అలంకార నియమములను తెచ్చుటకు వచ్చినది. జావాస్క్రిప్టు ప్రోగ్రాములను తెచ్చుటకు వచ్చినది. 'ఫలాని ఫైలులోని పంక్తులను ఇచ్చట చేర్చుకొనుము' అని తిన్నగా చెప్పుటకు మాత్రము నేటికిని గుర్తు లేదు. హెచ్‌టీఎమ్‌ఎల్ ఇంపోర్ట్స్ అను పేర ఒక యత్నము జరిగినది గాని, కొన్నాళ్లు దానిని మన్నించిన క్రోమ్ బ్రౌజరే 2020లో తొలగించెను. ఆ యత్నమైనను పంక్తులను పుటలో నేరుగా అతికించునది గాదు. కావున మనము చూడబోవునవన్నియు ఆ లోటును భాషకు వెలుపల పూడ్చుకొన్న ఉపాయములే.

పుటలు సర్వరను కంప్యూటరునందుండును. మీ ఫోనులోని బ్రౌజరు అడుగగా సర్వరు పంపును. ఈ యిద్దఱిలో తలకట్టును చేర్చవలసినవారెవరు? మొదట సర్వరే చేర్చెను. 1990ల తొలి సంవత్సరములలో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థవారి సర్వరు ఇందుకొక సౌకర్యమును కల్పించినది. సర్వర్ సైడ్ ఇన్‌క్లూడ్స్ అని దాని పేరు. అపాచీ సర్వరులో అది నేటికిని కలదు. పుటలో వ్యాఖ్యవలె కనబడు పంక్తి యొకటి వ్రాసి, అందులో ఫలాని ఫైలును చేర్చుమని తెలుపుదుము. సర్వరు పుటను పంపుటకు ముందు ఆ పంక్తిని తీసివేసి, ఆ స్థానమున తలకట్టు ఫైలును నింపి పంపును. బ్రౌజరునకు చేరునది అతుకు కనబడని ఒకే పుట.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బహిరంగపఱచిన పీహెచ్‌పీ ఈ పనిని ఇంటింటికిని తెచ్చినది. తలకట్టును హెడర్.పీహెచ్‌పీ అను ఫైలులో వ్రాసి, ప్రతిపుట మొదటను 'ఇన్‌క్లూడ్' అను ఆజ్ఞ నొక్కదానిని వ్రాసినచో చాలును. పుట చివర పాదభాగమునకు ఫుటర్.పీహెచ్‌పీ అను మఱియొక ఫైలు. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ యొక్క సంప్రదాయపు థీములలో ఈ రెండు ఫైళ్లును ఇవే పేర్లతో నేటికిని ఉన్నవి.

ఇన్‌క్లూడునకు తోడబుట్టిన 'రిక్వైర్' అను ఆజ్ఞ యొకటి కలదు. రెండును చేయు పని యొకటే. అడిగిన ఫైలు దొరకనప్పుడు మాత్రము వాని స్వభావము బయటపడును. ఇన్‌క్లూడ్ ఒక హెచ్చరిక చేసి ముందునకు సాగిపోవును. రిక్వైర్ అక్కడనే ఆగిపోవును, పుటయు ఆగిపోవును. తలకట్టు కేవలము అలంకారమైనచో అది లేకున్నను పుటలోని విషయము చదువువానికి చేరుట మేలే. కాని పెక్కు సైటులలో తలకట్టు ఫైలు మొదటనే 'ఈ వచ్చినవాడు లోనికి రాదగినవాడా' అను పరీక్షను కూడ వ్రాయుదురు. అట్టిచోట ఇన్‌క్లూడ్ వాడుట, కావలివాడు రాని దినమున తలుపులు తెఱచి పెట్టుట వంటిది. నా మట్టుకు ఆ పరీక్షను తలకట్టులో వ్రాయుటయే సమ్మతము గాదు. ఒకడు రసీదు పుటను వ్రాయుచున్నాడనుకొనుడు. కాగితముమీద అచ్చువేయునది గావున దానికి తలకట్టు వలదని ఆ యొక్క ఆజ్ఞను తీసివేయును. తలకట్టుతోపాటు కావలియు పోవును. అటుపై ఎవరి రసీదునైనను ఎవరైనను చూడవచ్చును. తీసివేసినవాడు చేసినది న్యాయమైన పనియే; రెండు పనులను ఒక ఫైలులో ముడిపెట్టుటలో కలదు దోషము.

మొదటిసారి తలకట్టును పంచినవారికి తఱచుగా తగులు చిక్కు దారులది. ఒక గ్రంథాలయపు సైటున్నదనుకొందము. ముఖపుట అన్నిటికంటె పైనున్నది; పుస్తకముల పట్టికలు 'పుస్తకములు' అను ఫోల్డరులోపల నున్నవి. తలకట్టులో గ్రంథాలయ చిహ్నమును చూపుటకు, 'చిత్రములు అను ఫోల్డరులోని చిహ్నము' అని దారి వ్రాసినారు. ముఖపుటలో చిహ్నము చక్కగా వచ్చును. పుస్తకముల పుటను తెఱవగా చిహ్నముండవలసినచోట విఱిగిన చిత్రపు గుర్తు కనబడును. ఫైలొక్కటే, పంక్తి యొక్కటే. ఒకచోట పనిచేసి మఱియొకచోట చేయదేమి? సర్వరు తలకట్టును పుటలో కలిపివేసినది గదా. ఆ పంక్తి ఏ ఫైలునుండి వచ్చినదో బ్రౌజరునకు తెలియదు. తానున్న పుట చిరునామానుండియే అది దారి లెక్కించును. ముఖపుటనుండి చూచినచో 'చిత్రములు' ప్రక్కనే యున్నవి. పుస్తకముల ఫోల్డరు లోపల నిలిచి చూచినచో అక్కడ అట్టి ఫోల్డరే లేదు. 'ఇక్కడికి నాలుగవ యిల్లు' అను గుర్తు ఏ గుమ్మమున నిలుచుండి చెప్పినారో దానినిబట్టి మాఱును గదా! కావున ఉమ్మడి తలకట్టులోని దారులన్నియు సైటు మూలమునుండి, అనగా ఏటవాలు గీతతో మొదలగునట్లు, వ్రాయవలెను. ఇన్‌క్లూడ్ ఆజ్ఞలో వ్రాయు దారి వేఱు. అది సర్వరు డిస్కుమీది దారి. సర్వరే దానిని చూచును. దానికి 'ఈ ఫైలున్న ఫోల్డరు' అను అర్థమిచ్చు పదము పీహెచ్‌పీలోనే కలదు. దానిని ఆధారముగా చేసికొనుట క్షేమము. ఈ రెండు దారులును ఒకటే యనుకొన్నవారు పూటలకు పూటలు పోగొట్టుకొందురు.

తెలుగులో సైటులు కట్టినవారికి విశేషముగా తగిలిన చిక్కు మఱియొకటి కలదు. దీనిని కొంత విపులముగా చెప్పెదను. సర్వరు పుటను పంపుటకు ముందు కొన్ని సూచనలను పంపును. ఇవి ఉత్తరమునకు కవరుమీది వ్రాతవంటివి. వచ్చినవాని గుర్తింపునకై కుకీ నిచ్చుటయు, 'నీవు వేఱొక పుటకు పొమ్ము' అని చెప్పుటయు ఈ సూచనలలోనే జరుగును. వీనిని కూడ ఇంగ్లీషున హెడర్లనియే యందురు. పేరొక్కటియైనను మన తలకట్టునకును వీనికిని సంబంధము లేదు. పుటలోని మొదటి యక్షరము బయలుదేఱిన పిదప కవరుమీద వ్రాయుటకు వీలులేదు. కావున ఉమ్మడి ఫైలులో ఆజ్ఞలకు ముందు ఒక్క ఖాళీ స్థలము పొరపాటున ఉన్నను, అది పుటలోని మొదటి యక్షరముగా బయలుదేఱును. పిమ్మట పీహెచ్‌పీ 'సూచనలు ఇదివఱకే పంపబడినవి' అని మొఱపెట్టును. లోనికి రావలసినవాడు రాలేక బయటనే నిలుచును.

ఖాళీయైనచో వెదకి తీసివేయవచ్చును. కంటికి కనబడనిదైనచో? ఇంగ్లీషు మాత్రమే వ్రాయువారికి మామూలు పద్ధతిలో ఫైలును దాచినను సరిపోయెను. తలకట్టు పట్టికలో 'ముఖపుట', 'సభ్యత్వము', 'వేళలు' అని తెలుగులో వ్రాయువాడు ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో దాచవలెను. విండోసులోని నోట్‌ప్యాడ్ ఆ పద్ధతిలో దాచునప్పుడు ఫైలు మొదట మూడు బైట్ల గుర్తును తానుగా చేర్చెడిది. ఆ గుర్తు తెరపై కనబడదు. మీటను నొక్కి చెఱుపబోయినను చిక్కదు. పీహెచ్‌పీకి మాత్రము అది పుటలోని మొదటి యక్షరమే. మాటలు ఇంగ్లీషులో నున్నంతవఱకు సక్రమముగా పనిచేసిన సైటు, తెలుగులోనికి మార్చిన వెంటనే సభ్యులను లోనికి రానీయకున్నచో, పాపము ఆ కుఱ్ఱవాడు కంప్యూటరునకు తెలుగు గిట్టదనియే తలపోసియుండును. 2019లో విండోస్ 10కి వచ్చిన క్రొత్త కూర్పునుండి నోట్‌ప్యాడ్ ఆ గుర్తు లేకుండ దాచుటయే వాడుకగా చేసికొన్నది. అంతకు ముందు దాచిన ఫైళ్లు ఇప్పటికిని ఎన్ని సర్వర్లలో పడియున్నవో! నేను పాత తెలుగు సైటు నేదైనను బాగుచేయుటకు కూర్చున్నప్పుడు మొట్టమొదట తలకట్టు ఫైలునే తెఱచి ఆ మూడు బైట్లకై చూతును.

యూటీఎఫ్-8 ప్రస్తావన వచ్చినది గావున ఇంకొక మాట. బ్రౌజరు తెరపై చూపని శిరోభాగమొకటి ప్రతిపుటకును కలదు. పుట పేరు, అక్షరముల పద్ధతి, భాష మొదలైనవి అందు తెలుపబడును. అక్షరముల పద్ధతిని తెలుపు గుర్తు పుటయొక్క మొదటి 1024 బైట్లలోపల ఉండవలెనని హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణము. ఇదియు ఉమ్మడి ఫైలులోనిదే గావున, అది సరిగానున్నచో నూఱు పుటలలోను తెలుగు తెలుగుగానే కనబడును. అది లోపించినచో నూఱింటిలోను అర్థములేని గుర్తుల వరుసలు కనబడుటకు అవకాశము కలదు.

సర్వరు గాక బ్రౌజరే తలకట్టును చేర్చరాదా యని కొందఱు యత్నించిరి. 1996లో వెలువడిన నెట్‌స్కేప్ 2.0 బ్రౌజరు ఫ్రేములను తెచ్చెను. తెరను గళ్లుగా కోసి, పైగడిలో తలకట్టు పుటను, క్రిందిగడిలో విషయపుటను వేఱువేఱుగా తెఱచుట ఆ పద్ధతి. చూచుటకు వింతగా నుండెను, కాని చిరునామా పంక్తి మాఱెడిది గాదు. చదివిన పుటను గుర్తు పెట్టుకొనుటకు వీలులేకపోయెను. వెదకు యంత్రముల ద్వారా వచ్చినవాడు తలకట్టు లేని మొండెము వంటి పుటలో నేరుగా దిగి, తానెవరి సైటులో నున్నాడో తెలియక నిలుచుండెడివాడు. హెచ్‌టీఎమ్‌ఎల్ ఐదవ కూర్పు ఆ పద్ధతిని త్యజించినది. పిమ్మట జావాస్క్రిప్టుతో తలకట్టును తెప్పించు పద్ధతి వచ్చినది. పుట వచ్చిన తరువాత తలకట్టు వేఱుగా వచ్చును. రాగానే క్రింది విషయమంతయు ఒక్కసారి క్రిందికి జరుగును. మీరు ఒక మీటను నొక్కబోవుచుండగా అది జరిగి వ్రేలు వేఱొకదానిపై పడుట మీ యనుభవములోనిదే. రియాక్ట్ మొదలైనవానితో కట్టు నేటి అప్లికేషన్లలో తలకట్టు ఒక అంగముగా నొక్కచోట వ్రాయబడి, పుటలు మాఱినను తాను మాఱక నిలుచును. సర్వరుననే మొదట దానిని కూర్చి పంపు నేర్పాటును వారు చేసికొన్నారు. పదిపుటల చిన్న సైటునకు ఇంత సరంజామా వలదు. 2008లో వచ్చిన జెకిల్ వంటి సాధనము మీ కంప్యూటరులోనే పుటలన్నిటికి తలకట్టును అతికించి యిచ్చును. అతికినవానినే సర్వరున కెక్కింపవచ్చును.

ఇన్‌క్లూడ్ పద్ధతిలో నాకు రుచింపని వికృతి యొకటి కలదు. పుట నంతటిని చుట్టియుండు పెట్టెను తలకట్టు ఫైలులో తెఱచి పాదభాగపు ఫైలులో మూయవలెను. ఏ ఫైలును విడిగా చూచినను సగమే. ఎవరైనను తలకట్టులో ఒక పెట్టెను చేర్చి, పాదభాగమున దానిని మూయ మఱచినచో దోషము మూడవచోట, విషయభాగమున, కనబడును. దీనికి విరుగుడుగా ఆలోచన తలక్రిందైనది. పుట తలకట్టును పిలుచుటకు బదులు, పుటకు చట్రమును ముందుగా పూర్తిగా గీసి, అందులో ఖాళీలు విడిచి, ఆ ఖాళీలను పుటచే నింపించుట. 2004లో వెలువడిన రూబీ ఆన్ రెయిల్సులో దానిని లేఔటనిరి. 2005లో మైక్రోసాఫ్టువారి ఏఎస్‌పీ.నెట్ 2.0లో మాస్టరు పేజీ యనిరి; అదే సంవత్సరమున బయటికి వచ్చిన జాంగోలో పుటలు మూలచట్రమునుండి పుట్టునని, అనగా వారసత్వమని, చెప్పిరి. చట్రము ఒక్కటే ఫైలు. తెఱచినదంతయు అందులోనే మూయబడును. పేరునకొక ఖాళీ, విషయమునకొక ఖాళీ. పుట ఏ ఖాళీనైనను నింపకున్నచో చట్రములో వ్రాసియుంచిన మాటయే నిలుచును. కకారమునకు గుడి నిచ్చి 'కి' వ్రాయునప్పుడు తలకట్టు తొలగి గుడికి చోటిచ్చును. గుడి లేనప్పుడు తలకట్టే యుండును. జాంగోవారి ఏర్పాటు సరిగా నిట్టిదే.

చట్రము గీయువాని వివేకమంతయు ఖాళీలను ఎచ్చట విడువవలెనను దానిలో నున్నది. పుటల పేర్లను కూడ ఉమ్మడి చేసి, నూఱు పుటలకును గ్రంథాలయము పేరొక్కటే పెట్టినవారున్నారు. ఆఱు పుటలను ఒక్కసారి తెఱచుకొన్నవానికి ఏది యేదియో తెలియదు. వెదకు యంత్రములకును తెలియదు. పట్టికలో 'మీరిప్పుడు ఇచ్చట నున్నారు' అని చూపు గుర్తు పుటపుటకును మాఱవలెను. ఇక మూలనుండు సభ్యుని పేరున్నది చూచితిరా, అది పుటనుబట్టి గాక మనిషినిబట్టి మాఱునది. అసలైన ప్రమాదము దానిలోనే యున్నది. పని తగ్గించుకొనుటకై సర్వర్లు ఒకసారి కూర్చిన పుటను నిలువచేసి, తరువాత అడిగినవారికి దానినే యిచ్చుచుండును. సుబ్బారావుగారి పేరుతో కూర్చిన పుట నిలువకెక్కినచో తరువాత వచ్చిన లక్ష్మిగారికి సుబ్బారావుగారి పేరు కనబడును. పేరుతో పోయిన బాగే, ఆయన చిరునామాయు ఆయన కొన్న వస్తువులును కనబడవచ్చును. 2015 డిసెంబరు 25న స్టీమ్ అను కంప్యూటరు ఆటల విక్రయశాలలో ఇట్టిదే జరిగినది. నిలువచేయు నేర్పాటులోని దోషముచే కొందఱికి ఇతరుల ఖాతా పుటలు కనబడెను. సుమారు 34,000 మంది వివరములు అట్లు ఇతరుల కంటబడియుండవచ్చునని దాని యజమానులైన వాల్వ్ సంస్థవారే ప్రకటించిరి. కావున తలకట్టులో అందఱికిని ఉమ్మడియైన భాగమును నిలువచేసి, మనిషి పేరున్న చిన్న ముక్కను వేఱుగా కూర్చుట మంచిది.

రేడియో ముందు కూర్చున్న మీకు సులభముగా బోధపడు విషయమొకటి చెప్పెదను. కన్నులు లేనివారు వెబ్‌పుటలను చెవితో చదువుదురు. ఎన్‌వీడీఏ వంటి ప్రోగ్రాము తెరపైనున్నదానిని పైనుండి క్రిందికి చదివి వినిపించును. కన్నులున్నవాడు తలకట్టును చూచియు చూడనట్లు దాటిపోవును, వినువాడు దాటలేడు. సంస్థ పేరు, చిహ్నము, పట్టికలోని పదునెనిమిది మాటలు, వెదకు గడి, ఇవన్నియు ప్రతిపుటలోను మొదటనుండి వినవలసినదే. ప్రతి వార్తకును ముందు ఈ కేంద్రమువారు తమ పేరును, నాటి కార్యక్రమముల పట్టికను మొదటినుండి చదువుచున్నచో మీ రెంతసేపు వినగలరు? 2008లో వెలువడిన వెబ్ సౌలభ్య ప్రమాణముల రెండవ కూర్పు, పుటపుటకును మరల వచ్చు భాగమును దాటిపోవుటకు ఉపాయ ముండవలెనని విధించినది. తలకట్టు మొదటనే 'విషయమునకు పొండు' అను దారి నొకదానిని ఉంచుట ఆ యుపాయములలో సులభమైనది. ఒక్క పంక్తి. ఉమ్మడి ఫైలులో వ్రాసినచో నూఱు పుటలకును ఒక్కసారిగా అమరును. అట్లే పుట తెలుగులో నున్నదని తెలుపు గుర్తును ఆ చట్రముననే వ్రాయవలెను. అది లేనిచో చదువు ప్రోగ్రాము తెలుగును ఇంగ్లీషు గొంతుకతో పలుకబోయి తడబడవచ్చును. పుటలు విడివిడిగా వ్రాసిన సైటులో ఇట్టి మేలు చేయవలెనన్నను, నూఱు ఫైళ్లను చూచి జంకి మానుకొందురు. తలకట్టు ఒక్కచోట నుండుటలో నేను మిక్కిలి యెక్కువగా ఎంచు ఫలము ఇదియే.

అక్షరములన్నిటికిని తలకట్టు లేదు. ఖకారము, జకారము, ణకారము, బకారము అది లేకయే చెల్లుచున్నవి. సైటులోను అట్టి పుట యొకటి కలదు. అది, పని చెడినప్పుడు 'క్షమింపుడు, కొంతసేపటికి మరల రండు' అని చెప్పు పుట. దానికిని ఉమ్మడి తలకట్టును తగిలించుట వాడుక. సభ్యుని పేరు చూపుటకై ఆ తలకట్టు డేటాబేసును అడుగుననుకొనుడు. డేటాబేసే ఆగిపోయిన దినమున క్షమాపణ పుటను తెఱవబోగా తలకట్టు మరల డేటాబేసునే అడుగును, అది పలుకదు, క్షమాపణ పుటయు కూలును. వచ్చినవానికి తెల్లని తెర మిగులును. కావున ఆ పుటను ఏ ఫైలుతోను ముడిపెట్టక, సంస్థ పేరును, పనిచేయు టెలిఫోను నంబరును అందులోనే చేతితో వ్రాసి విడిగా ఉంచవలెను. నంబరు మాఱినప్పుడు దిద్దవలసిన చోట్లు అప్పుడు రెండగును: ఒకటి తలకట్టు, రెండవది ఈ పుట. ఆ సంగతిని తలకట్టు ఫైలు మొదటనే వ్యాఖ్యగా వ్రాసి పెట్టవలెను.